ఎనిమిదో రోజు దాటినా ఆగకుంటే...

నాలుగో రోజు తలస్నానం, ఐదో రోజు దేవుడి గది. తెలుగిళ్లలో నెలసరి లెక్క చాలావరకు ఇంతే. ఆచారం గట్టిగా పాటించే ఇళ్లలోనే కాదు, అవన్నీ ఎప్పుడో వదిలేశామనుకునే ఇళ్లలో కూడా ‘ఐదు రోజులైపోయాయిగా’ అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. మరి పదో రోజూ, పదిహేనో రోజూ బ్లీడింగ్ ఆగకపోతే? ఆ రోజులకు మన లెక్కలో చోటే లేదు. తలస్నానం అయిపోయింది కాబట్టి వంట మామూలే, పొలం మామూలే, ఆఫీసు మామూలే. అడిగేవాళ్లుండరు, చెప్పుకోవడానికి మొహమాటం. అలా నెలలు గడిచి, ఏ మెట్ల మీదో కళ్లు తిరిగి కూలబడ్డాక ఆస్పత్రికి తీసుకెళ్తారు. హిమోగ్లోబిన్ ఆరో ఏడో ఉంటుంది. ఆ పూటే ఎవరో ఒకరు అననే అంటారు: ‘పిల్లలు పుట్టేశారు కదమ్మా, గర్భసంచి తీసేయిస్తే పీడా వదిలిపోతుంది.’

నిన్నటిదాకా ఎవరూ పట్టించుకోలేదు, ఇవాళ ఏకంగా అవయవమే తీసేస్తామంటున్నారు. ఈ రెండింటికీ మధ్య జరగాల్సిన పని ఒకటుంది. రక్తం ఎందుకు ఆగడం లేదో కనుక్కోవాలి. కారణం తెలిస్తే మాత్రలతోనో, చిన్నపాటి చికిత్సతోనో అదుపులోకి వచ్చే కేసులే ఎక్కువ. మన దగ్గర తరచూ ఎగిరిపోయేది ఆ పనే.

ఎంతయితే ఎక్కువ?

ఒక నెలసరి మొదలైన రోజు నుంచి మళ్లీ నెలసరి వచ్చే రోజుకు 24 నుంచి 38 రోజుల తేడా ఉండొచ్చు. బ్లీడింగ్ 8 రోజుల్లోపు ఆగిపోవాలి. అంతర్జాతీయ స్త్రీవ్యాధి, ప్రసూతి నిపుణుల సమాఖ్య ‘ఫిగో’ గీసిన హద్దులివి. నెలసరిలో పోయే రక్తం 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువైనట్టని వైద్య పుస్తకాలు చాలాకాలం చెప్పాయి. ఇంట్లో ఆ కొలత ఎవరికి సాధ్యం? అందుకే ఇప్పుడు వైద్యులు ఆమె చెప్పే మాటకే ఎక్కువ విలువిస్తున్నారు. బ్లీడింగ్ వల్ల ఒంట్లో ఓపిక, నిద్ర, చేసుకునే పని, మనసు దెబ్బతింటుంటే అది వైద్యం చేయాల్సిన సమస్యే. ఎన్ని మిల్లీలీటర్లన్నది తర్వాతి సంగతి.

చిక్కేమిటంటే, చాలామంది ఆడవాళ్లకు తమది ఎక్కువని తెలియదు. అమ్మకూ ఇంతే, అక్కకూ ఇంతే అనుకుంటారు. రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకోవడం, పక్క మీద పాత చీర పరుచుకుని పడుకోవడం, అర్ధరాత్రి లేచి మార్చుకోవడం, ఆ వారమంతా ముదురు రంగు బట్టలే వేసుకోవడం, దూరం బస్సెక్కాల్సి వస్తే ఊరు మానుకోవడం, ఇవన్నీ మామూలే అనిపిస్తాయి. పది రూపాయల బిళ్ల కన్నా పెద్ద గడ్డలు పడుతున్నా ‘వేడి చేసింది’ అనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటారు. ఇవేవీ మామూలు కావు.

డాక్టరు దగ్గరకెళ్లే ముందు ఒక్క రెండు నెలలు క్యాలెండర్ మీద రాసిపెట్టుకుంటే ఎంతో ఉపయోగం. ఏ రోజు మొదలైంది, ఏ రోజు ఆగింది, రోజుకు ఎన్ని ప్యాడ్లు, అవి కొంచెం తడిశాయా, పూర్తిగా తడిశాయా, గడ్డలు పడ్డాయా. 1990లో బ్రిటన్ వైద్యులు సరిగ్గా ఇలాంటి పట్టికే తయారుచేశారు. తడిసిన ప్యాడ్ల బొమ్మలు చూసి గుర్తు పెడుతూ పోతే మార్కులొస్తాయి, వంద దాటితే ఎక్కువైనట్టు. ఇప్పుడు మెన్‌స్ట్రువల్ కప్పు వాడే అమ్మాయిలకైతే దాని మీద మిల్లీలీటర్ల గీతలే ఉంటున్నాయి. ‘ఎక్కువే అవుతోంది డాక్టర్’ అనే మాట కన్నా ఆ కాగితం ముక్క సూటిగా మాట్లాడుతుంది.

కొన్నిసార్లు మాత్రం కాగితాలూ క్యాలెండర్లూ అక్కర్లేదు. గంటకో ప్యాడ్ చొప్పున వరసగా రెండు మూడు గంటలు తడిసిపోతున్నా, నిలబడితే కళ్లు చీకట్లు కమ్ముతున్నా, గుండె దడదడలాడుతున్నా, గర్భం ఉందేమో అన్న అనుమానం ఉన్నా ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి.

పోతున్నది రక్తం మాత్రమే కాదు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు దేశం మొత్తం మీద 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. తిండి, నులిపురుగులు, వెంటవెంటనే కాన్పులు, అన్నీ కారణాలే. కానీ నెలనెలా ఎక్కువగా పోయే రక్తాన్ని మాత్రం మనం పెద్దగా లెక్కలోకి తీసుకోం. ఐరన్ మాత్రలిచ్చి, బెల్లం, ఆకుకూరలు తినమని చెప్పి పంపేస్తాం. రక్తం ఎందుకు తగ్గిందో అడగం. రక్తహీనత ఉన్న ప్రతి మహిళనూ ‘నీకు నెలసరి ఎన్ని రోజులు ఉంటుంది?’ అని అడగాలి. ఆ ప్రశ్నకు పైసా ఖర్చుండదు.

ఇంకో సంగతి. హిమోగ్లోబిన్ 12 ఉంది కదాని నిశ్చింతగా ఉండకూడదు. ఒంట్లో దాచుకున్న ఇనుము నిల్వలు అయిపోయాకే హిమోగ్లోబిన్ పడిపోవడం మొదలవుతుంది. ఆ నిల్వను చూపించేది ఫెరిటిన్ పరీక్ష. అది 30 కన్నా తక్కువుంటే ఇనుము చాలడం లేదనే అర్థం. జుట్టు రాలడం, మెట్లెక్కితే ఆయాసం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, రాత్రిళ్లు కాళ్లు ఒకచోట పెట్టలేకపోవడం, పచ్చి బియ్యమో బలపాలో ఐసు ముక్కలో నమలాలనిపించడం, ఇవి బద్ధకమూ కాదు, చాపల్యమూ కాదు. ఇలా బియ్యం నమిలే అలవాటున్న ఆడపిల్లను ఎగతాళి చేసే బదులు ఫెరిటిన్ చూపించాలి.

స్కానింగ్‌లో కనపడేవి, కనపడనివి

2011లో ఫిగో ఈ సమస్య కారణాలన్నిటినీ తొమ్మిది గుంపులుగా సర్దింది. అందులో నాలుగు స్కానింగ్‌లోనో, బయాప్సీలోనో దొరికేవి: గర్భసంచి లోపలి పొరకు వేలాడే పిలకల్లాంటి పాలిప్స్, ఆ పొర కండరంలోకి చొచ్చుకుపోయే అడెనోమయోసిస్, ఫైబ్రాయిడ్ గడ్డలు, క్యాన్సర్ లేదా దానికి ముందు దశ. మిగతావి రక్తం గడ్డకట్టడంలో లోపాలు, అండం విడుదల కాకపోవడం, లోపలి పొరలోనే ఉన్న తేడాలు, మనం వాడే మందులూ సాధనాలూ, వీటిలో ఎక్కడా ఇమడని అరుదైనవి. అంటే, స్కానింగ్ నార్మల్‌గా ఉందంటే జబ్బు లేదని కాదు. స్కానింగ్‌లో ఏదో కనపడింది కదాని బ్లీడింగ్‌కు అదే కారణమనీ కాదు.

వీటిలో అండం విడుదల కాకపోవడం చాలా తరచుగా కనిపించేది. నెల మొదటి సగంలో ఈస్ట్రోజన్ గర్భసంచి లోపలి పొరను పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ వచ్చి ఆ పొరను గట్టిపరుస్తుంది, గర్భం రాకపోతే అంతా ఒకేసారి రాలిపోయి నాలుగైదు రోజుల్లో ఆగిపోతుంది. అండమే విడుదల కాకపోతే ప్రొజెస్టరాన్ రాదు. పొర పెరుగుతూనే పోయి, తాళ్లు కట్టని గడ్డివాములా ఒక్కో పక్క ఊడుతూ ఉంటుంది. అందుకే రెండు మూడు నెలలు నెలసరి రాకపోవడం, వస్తే ఇరవై రోజులు ఆగకపోవడం. పీసీఓఎస్ ఉన్న అమ్మాయిల్లో, థైరాయిడ్ తక్కువగా ఉన్నవారిలో, ముట్లుడిగే వయసు దగ్గరపడినవారిలో, కొత్తగా పెద్దమనిషైన పిల్లల్లో జరిగేది ఇదే.

పిల్లల విషయంలో కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. మొదటి రెండు మూడేళ్లు నెలసరి క్రమంగా రాకపోవడం నిజంగానే మామూలు. కానీ ‘కొత్తలో అంతేలే’ అనే మాట ప్రాణాల మీదకు తెచ్చిన సందర్భాలున్నాయి. 1924లో ఫిన్లాండ్‌లో ఆలాండ్ దీవుల నుంచి ఒక ఐదేళ్ల పాపను ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ అనే వైద్యుడి దగ్గరకు తెచ్చారు. చిన్న గాయానికే ఆగకుండా రక్తం కారేది. రెండేళ్ల తర్వాత ఆయన ఆ జబ్బు గురించి రాసిన వ్యాసంతో అది ఆయన పేరుతోనే స్థిరపడింది. ఆ పాప పదమూడో ఏట, నాలుగో నెలసరిలో రక్తం ఆగక చనిపోయింది. నెలసరి ఎక్కువగా అయ్యే మహిళల్లో నూటికి పదిమందికి పైగానే ఈ వాన్ విల్లెబ్రాండ్ జబ్బు ఉండొచ్చని అంచనా. మేనరికపు సంబంధాలు నేటికీ జరిగే మన ప్రాంతంలో దీని తీవ్రమైన రకం, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి సరిగా అతుక్కోని మరికొన్ని అరుదైన లోపాలు పుట్టుకతో వచ్చే అవకాశం ఎక్కువ. కూతురికి మొదటి నెలసరి నుంచే విపరీతంగా అవుతుంటే కొన్ని గుర్తు చేసుకోవాలి. ముక్కులోంచి తరచూ రక్తం వచ్చేదా? పన్ను తీయిస్తే ఆగడానికి చాలాసేపు పట్టిందా? ఏ దెబ్బా తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు పడతాయా? అమ్మకో మేనత్తకో కాన్పులో రక్తం ఎక్కించాల్సి వచ్చిందా? ఇవి గైనకాలజిస్టుకు చెబితే రక్త పరీక్షలు ఏ దారిలో వెళ్లాలో తెలుస్తుంది. ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు కడుపునొప్పికి మెఫెనమిక్ యాసిడ్, ఆస్పిరిన్ లాంటివి సొంతంగా వేసుకోకూడదు. అవి రక్తస్రావాన్ని ఇంకా పెంచుతాయి.

పెళ్లయినవారికీ కానివారికీ కూడా, పిల్లలు పుట్టే వయసులో ఉంటే మొదట చేయాల్సింది గర్భ పరీక్ష. అబార్షన్ అవుతున్నా, ట్యూబులో గర్భం నిలిచినా మొదట కనిపించేది ఆగీ ఆగని బ్లీడింగే. మెడికల్ షాపులో గర్భం పోయే మాత్రలు కొనుక్కుని గుట్టుగా వేసుకుని, లోపల ముక్కలు మిగిలిపోయి వారాల తరబడి రక్తం పోతున్నా ఎవరికీ చెప్పుకోలేని ఆడవాళ్లు మన ఊళ్లలో, మన హాస్టళ్లలో ఉన్నారు. డాక్టరుకు నిజం చెప్పాలి. ఆ నిజం వినగానే ముఖం చిట్లించని డాక్టర్లూ నర్సులూ ఉండాలి. రెండోది లేకుండా మొదటిదాన్ని ఆశించలేం.

కాపర్-టీ వేయించుకున్న తొలి నెలల్లో నెలసరి ఎక్కువవుతుంది. మూడు నెలలకోసారి ఇచ్చే ‘అంతర’ ఇంజెక్షన్ తీసుకున్నవారికి మచ్చలుగా, క్రమం తప్పి కనిపిస్తుంది. గుండె కవాటం మార్పించుకుని రక్తం పలచబడే మందులు వాడేవారికి నెలసరి పెద్ద గండమే, వాళ్లు మందు మానేయకుండా గుండె డాక్టరునూ గైనకాలజిస్టునూ ఇద్దరినీ కలవాలి. డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయిన సమయంలో నెలసరి వస్తే కూడా ఆస్పత్రిలో చెప్పి తీరాలి.

ఇక మన ఇళ్లకే ప్రత్యేకమైన కారణం ఒకటుంది. వరలక్ష్మీ వ్రతం, గృహప్రవేశం, తిరుపతి ప్రయాణం, ఇంట్లో పెళ్లి. ‘ఆ రోజుకు రాకుండా ఒక మాత్ర ఇవ్వండి’ అని షాపులో అడగడం, వాళ్లు నోరెథిస్టిరాన్ స్ట్రిప్పు చేతిలో పెట్టడం సర్వసాధారణమైపోయింది. డాక్టరును అడిగి ఎప్పుడో ఒకసారి వాడితే చాలామందికి ఏమీ కాదు. మానేసిన రెండు మూడు రోజుల్లో నెలసరి వచ్చేస్తుంది. కానీ శ్రావణంలో ఒకసారి, దసరాకు ఒకసారి, కార్తీకంలో ఒకసారి వాడి, మధ్యలో రెండు రోజులు మరిచిపోయి మళ్లీ వేసుకుంటే లోపలి పొరకు ఎప్పుడు రాలాలో తెలియని స్థితి వస్తుంది. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు, కాలేయ జబ్బున్నవారు వీటిని సొంతంగా ముట్టుకోకూడదు. నా వరకు నాకు, ఆడపిల్ల ఒంటిని ముహూర్తానికి సర్దుబాటు చేయడం కన్నా ఆ రోజు ఆమెను ఉన్నదున్నట్టుగా పూజలో కూర్చోనివ్వడమే మేలనిపిస్తుంది.

రిపోర్టులో ఒక్క ముక్క

పాలిథిన్ కవర్లో పాత రిపోర్టులన్నీ పట్టుకుని తిరిగే ఆడవాళ్లను ఏ ఆస్పత్రి వరండాలోనైనా చూడొచ్చు. అందులో చాలామంది స్కానింగ్ కాగితం మీద ‘బల్కీ యుటరస్’ అని ఉంటుంది. గర్భసంచి కాస్త పెద్దగా ఉందని దానర్థం, అంతే. రెండు మూడు కాన్పులైన ఎవరికైనా అలా ఉండొచ్చు. కానీ ఆ మాటే ‘గర్భసంచి వాచింది’, ‘పుండు పడింది’, ‘వదిలేస్తే క్యాన్సరవుతుంది’ అని మారి ఆమె చెవిన పడుతుంది. లోపలి పొర మందం 12 మిల్లీమీటర్లని రాసి ఉంటే అదీ భయమే. నెలసరికి వారం ముందు స్కాన్ తీస్తే ఆ మందం ఉండటం సహజమని చెప్పేవారుండరు. ఫైబ్రాయిడ్లు కూడా అంతే. యాభై ఏళ్లు వచ్చేసరికి సగానికి పైగా ఆడవాళ్లలో అవి ఉంటాయి, చాలావాటితో ఏ బాధా ఉండదు. గర్భసంచి బయటి వైపు నిమ్మకాయంత గడ్డ ఉన్నా బ్లీడింగ్ పెరగకపోవచ్చు, లోపలి పొర వైపు శనగగింజంతది ఉన్నా రక్తం ఆగకపోవచ్చు. ఎంత ఉందన్నదాని కన్నా ఎక్కడుందన్నది ముఖ్యం.

క్యాన్సర్ భయం పూర్తిగా ఉత్తిదని చెప్పడం నా ఉద్దేశం కాదు. 45 దాటాక బ్లీడింగ్ తీరు మారితే, అంతకన్నా చిన్న వయసులోనైనా అధిక బరువు, షుగరు, ఏళ్ల తరబడి పీసీఓఎస్ ఉండి మందులకు తగ్గకపోతే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి. సన్నని గొట్టంతో ఔట్‌పేషెంట్ విభాగంలోనే కొన్ని నిమిషాల్లో అయిపోయే పని. భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం కనిపిస్తుంటే గర్భాశయ ముఖద్వారాన్ని పరీక్షించాలి. ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా ఆలస్యం చేయకూడదు. అలా వచ్చినవారిలో పదిమందిలో తొమ్మిదిమందికి క్యాన్సర్ ఉండదు. ఆ ఒక్కరికి మాత్రం తొందరగా వెళ్లడమే ప్రాణం నిలుపుతుంది.

ఆపరేషన్ కన్నా ముందు

చికిత్సలో రెండు భాగాలున్నాయి. ఇవాళ పోతున్న రక్తాన్ని ఆపడం ఒకటి, వచ్చే నెల మళ్లీ ఇలా కాకుండా చూడటం రెండోది.

రక్తం ఆపే మందుల్లో ముందు చెప్పుకోవాల్సింది ట్రానెక్సమిక్ యాసిడ్. కాన్పు తర్వాత రక్తం పోయి చనిపోతున్న తల్లుల కోసం ఏదైనా చేయాలని పట్టుబట్టిన జపాన్ వైద్యురాలు ఉతాకో ఒకమోతో, ఆమె భర్త షోసుకే 1962లో దీన్ని ప్రపంచానికి అందించారు. ఇది హార్మోన్ కాదు. ఏర్పడిన రక్తపు గడ్డ తొందరగా కరిగిపోకుండా చూస్తుంది. బ్లీడింగ్ ఎక్కువగా ఉన్న నాలుగైదు రోజులే వాడతారు, దాదాపు సగం వరకు తగ్గించగలదు. రక్తనాళాల్లో గడ్డలు వచ్చినవారికి ఇవ్వరు. రక్తం గడ్డకట్టడంలో లోపం లేనివారికి మెఫెనమిక్ యాసిడ్ నొప్పితో పాటు రక్తాన్నీ కొంత తగ్గిస్తుంది.

అండం విడుదల కానివారికి లోటుగా ఉన్న ప్రొజెస్టరాన్‌ను మాత్రల రూపంలో, నెలలో ఇన్ని రోజులని లెక్కగా ఇస్తారు. మాత్ర వేసుకున్న మొదటి వారంలోనే ఆగిపోయిందని మానేస్తే మళ్లీ మొదలవుతుంది, చెప్పినన్ని రోజులూ వాడాలి. గర్భనిరోధక మాత్రలు కూడా నెలసరిని దారిలో పెడతాయి. మైగ్రేన్‌తో కళ్ల ముందు మెరుపులు వచ్చేవారికి, బీపీ ఎక్కువగా ఉన్నవారికి అవి పనికిరావు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన ఒర్మెలాక్సిఫిన్ మనదే. 1991లో ‘సహేలీ’గా వచ్చి, ఇప్పుడు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ‘ఛాయ’గా దొరుకుతున్న ఈ మాత్రను గర్భనిరోధానికే కాక, వేరే మోతాదులో అధిక రక్తస్రావానికీ వైద్యులు రాస్తుంటారు.

నన్నడిగితే మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం జరిగింది హార్మోన్ లూప్‌కు. 52 మిల్లీగ్రాముల లెవొనార్జెస్ట్రెల్‌ను దాచుకుని, రోజుకు కొద్ది మైక్రోగ్రాములు మాత్రమే గర్భసంచి లోపల వదిలే చిన్న సాధనం అది. కొన్ని నెలల్లో లోపలి పొర పలచబడి బ్లీడింగ్ నూటికి తొంభై పాళ్లు తగ్గిపోతుంది. ఏళ్ల తరబడి పనిచేస్తుంది, అక్కర్లేదనుకుంటే తీసేయొచ్చు. కాపర్-టీ వేయించుకుని ఇబ్బంది పడ్డ పిన్నినో వదిననో చూసి ‘లూపు వద్దు’ అంటారు. రెండూ ఒకటి కావు, కాపర్-టీ రక్తాన్ని పెంచితే ఇది తగ్గిస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మచ్చలు మచ్చలుగా కనిపిస్తూనే ఉంటుందని ముందే చెప్పకపోవడం వల్ల చాలామంది రెండో నెలలోనే తీయించేసుకుంటారు. ఆ ఒక్క మాట ముందు చెబితే ఎన్ని గర్భసంచులు మిగులుతాయో.

పాలిప్, లోపలికి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్ ఉంటే సన్నని కెమెరా గొట్టంతో, పొట్ట మీద కోత లేకుండానే తీసేస్తారు. పెద్ద ఫైబ్రాయిడ్లను గర్భసంచి ఉంచి గడ్డ వరకే తీయొచ్చు, లేదా దానికి రక్తం అందించే నాళాన్ని మూసేయొచ్చు. పిల్లలు ఇక వద్దనుకున్నవారికి లోపలి పొరను వేడితో మాడ్చే పద్ధతీ ఉంది. థైరాయిడ్ లోపమైతే దాని మాత్రే దీనికీ మందు.

వీటన్నిటితో పాటు ఐరన్. టీ, కాఫీలతో కాకుండా నిమ్మరసంతో, హిమోగ్లోబిన్ నార్మల్‌కు వచ్చాక కూడా మరో మూడు నెలలు వాడాలి. కడుపులో తిప్పుతోందంటే రోజు విడిచి రోజు వేసుకున్నా బాగానే ఒంటికి పడుతుంది. మరీ తక్కువుంటే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంది.

తీసేయించుకున్నవాళ్ల లెక్క

2015–16 కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి గర్భసంచి ఆపరేషన్ల గురించి అడిగింది. 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలోనే ముందు వరసలో మన రెండు రాష్ట్రాలు. తీయించుకున్నవారిలో సగం మందికి అప్పటికి 34 ఏళ్లు కూడా నిండలేదు. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే. సగానికి పైగా మహిళలు చెప్పిన కారణం ఎక్కువ బ్లీడింగ్, నొప్పి.

ఇంకో అంకె పక్కన పెట్టి చూస్తే ఇది ఎందుకో కొంత అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు పుట్టే వయసులో ఉన్న వివాహితల్లో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే, అదీ చాలామంది పాతికేళ్లు నిండేలోపే. ఆ తర్వాత గర్భసంచితో పనేముందన్న ఆలోచన ఇంట్లోనూ ఉంది, ఆస్పత్రిలోనూ ఉంది. కూలి పోగొట్టుకుని నెలనెలా తిరగలేని ఆడమనిషికి ఒక్కసారిగా వదిలిపోతుందన్న మాట ఊరటగానే వినిపిస్తుంది, ఆమెను తప్పుపట్టలేం. హైదరాబాద్ వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్ మెదక్ జిల్లా పల్లెల్లో అధ్యయనం చేసి, తెల్లబట్ట, నడుంనొప్పి లాంటివాటికి కూడా ఇరవైల్లో, ముప్పైల్లో గర్భసంచి పోగొట్టుకున్న మహిళల సంగతి 2009 ప్రాంతంలోనే బయటపెట్టారు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఇలాంటి ఆపరేషన్లపై డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో తెచ్చిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులోకి తేవాలని ఆదేశించింది. రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలని అవి చెబుతాయి. మన జిల్లాలో ఆ కమిటీ ఉందా, చివరిసారి ఎప్పుడు కూర్చుంది అని అడిగే హక్కు పాఠకులందరికీ ఉంది.

గర్భసంచి తీయడం తప్పనిసరైన పరిస్థితులున్నాయి. క్యాన్సర్, మందులకూ లూపుకూ లొంగని బ్లీడింగ్, పొట్టంతా ఆక్రమించిన ఫైబ్రాయిడ్లు. అన్నీ తెలుసుకుని, అన్నీ ప్రయత్నించి ‘ఇక చాలు’ అని ఆమే నిర్ణయించుకుంటే అది ఆమె నిర్ణయం, దాన్నీ గౌరవించాలి. కానీ సంతకం పెట్టే ముందు డాక్టరును అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. నా బ్లీడింగ్‌కు కారణం ఏమని తేలింది? బయాప్సీ చేశారా? మాత్రలు, హార్మోన్ లూప్ నాకెందుకు పనికిరావు? ఆగితే ఏమవుతుంది? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? ఈ చివరిది మరీ ముఖ్యం. సహజంగా ముట్లుడగకముందే అండాశయాలు తీసేస్తే ఒక్కరోజులో మెనోపాజ్ వచ్చిపడుతుంది. ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బుల ముప్పు పెరగడం ముప్పైల్లోనే మొదలవుతాయి. అండాశయాలు ఉంచినా కొందరికి మెనోపాజ్ కొన్నేళ్లు ముందుకు జరుగుతుంది. సమాధానం తృప్తిగా లేకపోతే జిల్లా ఆస్పత్రిలోనో, బోధనాసుపత్రిలోనో ఇంకో డాక్టరుకు చూపించుకోవచ్చు. ప్రాణం మీదకు వచ్చిన కేసైతే తప్ప, వారం పది రోజుల్లో కొంప మునిగిపోదు.

ఇప్పటికే ఆపరేషన్ అయినవారు డిశ్చార్జి కాగితాలతో పాటు బయాప్సీ రిపోర్టు కూడా అడిగి తీసుకుని భద్రంగా ఉంచుకోవాలి. అండాశయాలు, గర్భాశయ ముఖద్వారం తీశారో లేదో వాటిలోనే ఉంటుంది. ముఖద్వారం మిగిలి ఉంటే పాప్ పరీక్ష కొనసాగించాలి. అండాశయాలు తీసేసి ఉండి, వయసు 45 లోపు అయితే ఈస్ట్రోజన్ ఇవ్వాలా వద్దా అని గైనకాలజిస్టును అడగాలి. ఎముకల సాంద్రత పరీక్ష గురించీ అప్పుడే మాట్లాడాలి.